రేగడి నేలలో పచ్చిక: బెట్టకూ ముంపుకూ మధ్య

2022 వేసవిలో డాలస్ చుట్టుపక్కల ఇళ్ళ ముందరి పచ్చికకు రెండు దెబ్బలు తగిలాయి. జూన్ మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా, వరసగా 67 రోజులు, డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో లెక్కకు వచ్చే వాన పడలేదు. ఆ తర్వాత ఆగస్టు 21, 22 తేదీల్లో, 24 గంటల వ్యవధిలో, అక్కడే 9.19 అంగుళాలు కురిసింది. అంటే 233 మిల్లీమీటర్లు. నెర్రెలు విచ్చిన నేల మీద ఒకేసారి అంత నీరు వచ్చి పడింది. నగరంలో రోడ్లు మునిగాయి, కార్లు కొట్టుకుపోయాయి.

ఇదేదో ఒక్క ఏడాది వింత కాదు. అదే విమానాశ్రయంలో 2000లో 84 రోజులు వాన జాడ లేదు. 2011లో 71 రోజులు ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను తాకింది, లేదా దాటింది. నాలుగేళ్ళు గడిచాక 2015 మే నెల టెక్సాస్ రాష్ట్ర చరిత్రలోనే అత్యధిక వర్షపాతం నమోదైన నెలగా నిలిచింది. డాలస్ చుట్టూ ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, మెకినీ, ప్రాస్పర్ ఊళ్ళలో ఇల్లు కొనుక్కున్న వేలాది తెలుగు కుటుంబాలు తాళంచెవులతో పాటు ఈ వాతావరణాన్ని కూడా తీసుకున్నట్టే. చాలామందికి లాన్ అనేది జీవితంలో మొదటిసారి చేతికొచ్చిన పొలం. విస్తీర్ణం రెండు మూడు వేల చదరపు అడుగులే అయినా దానికీ నీటి లెక్క ఉంది, ఎరువు లెక్క ఉంది, పురుగు ఉంది, తెగులు ఉంది.

లాన్ సంరక్షణ మీద వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం కరువుకు ఒక చిట్టా, వానకు ఇంకో చిట్టా ఇస్తాయి. కానీ రెండూ వచ్చి పడేది ఒకే నేల మీద. కరువులో గడ్డి ఎందుకు చచ్చిందో, వానలో ఎందుకు కుళ్ళిందో వెతుక్కుంటూ పోతే రెండు దారులూ మట్టి దగ్గరే కలుస్తాయి. స్ప్రింక్లర్ టైమర్ మీద పెట్టే చూపులో సగమైనా మట్టి మీద పెట్టిన ఇంటివారు రెండిటినీ తక్కువ నష్టంతో దాటుతున్నారు.

ఉత్తరాన రెడ్ రివర్ దగ్గర్నుంచి డాలస్, వేకో, ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే నేలను బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. నల్లటి బరువైన బంకమట్టి. నేలల శాస్త్రం దీన్ని వెర్టిసాల్ తరగతిలో చేర్చింది. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ జిల్లాల నల్లరేగడి కూడా ఆ తరగతిదే. ఎండితే కుంచించుకుని చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది, తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది. నెర్రెలు తెరిచి ఉన్నంతసేపు మొదటి వాన నేరుగా లోపలికి దిగుతుంది. అవి మూసుకున్నాక గంటకు పావు అంగుళం కూడా ఇంకదు. మిగిలిందంతా పైన నిలుస్తుంది, లేదా వీధిలోకి పారుతుంది.

రేగడిలో సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవారికి ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1970లలో నల్లరేగడి కోసం వెడల్పాటి ఎత్తుమడులు, వాటి మధ్య కాలువలు ఉండే పద్ధతిని రూపొందించింది ఈ చిక్కును విప్పడానికే. మడిలో తేమ నిలవాలి, మిగులు నీరు పంటను ముంచకుండా కాలువ వెంట నెమ్మదిగా బయటికి పోవాలి. ఫ్రిస్కోలోని ఇంటి ముందు చేయాల్సిన పనీ, చిన్న కొలతలో, ఇదే.

అయితే ఇక్కడ ఒక అదనపు కష్టం ఉంది. కొత్త కాలనీల్లో పునాది కోసం నేలను చదును చేసేటప్పుడు పైమట్టి పోతుంది. కిందనున్న గట్టి మట్టిని యంత్రాలు అటూ ఇటూ తిరిగి ఇంకా అణగదొక్కుతాయి. చివర్లో దాని మీద పలచగా కొంత మట్టి చల్లి, చుట్టచుట్టి తెచ్చిన పచ్చిక పరిచి ఇల్లు అప్పగిస్తారు. చూడ్డానికి పచ్చగా ఉంటుంది. వేరు మాత్రం లోపలికి దిగదు.

పలచటి మట్టి ఏం చేస్తుందో శాన్ ఆంటోనియోలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చి చూపారు. అక్కడి నీటి సరఫరా సంస్థ, పచ్చిక పెంపకందార్ల సంఘం కూడా ఇందులో పాలుపంచుకున్నాయి. 2006లో మొదలైన ఆ పరీక్షలో 25 రకాల గడ్డిని, వాన పడగానే దానంతటదే మూసుకునే కప్పు కింద, 60 రోజులు చుక్క నీరు లేకుండా ఉంచారు. లోతైన సహజ నేలలో వేసిన గడ్డి ఎండిపోయినట్టు కనిపించినా, మళ్ళీ నీళ్ళు పెట్టాక చాలావరకు తేరుకుంది. నాలుగంగుళాల మట్టి మీద వేసింది, ఏ రకమైనా, బతకలేదు. కరువును తట్టుకునే రకమని చీటీ చూసి ఎక్కువ ధర పెట్టేవారు ఈ ఫలితాన్ని ముందు తెలుసుకోవాలి. రకం కన్నా మట్టి లోతు ముందు వస్తుంది.

అలాగని రకానికి విలువ లేదని కాదు. ఉత్తర టెక్సాస్ ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది బెర్ముడా. పేరు కొత్తగా ఉన్నా ఇది వినాయకచవితి పూజలో వాడే మన గరికే, లేదా దాని సంకరం. నేల కింద పాకే కొమ్ములూ, నేల పైన పాకే తీగలూ రెండూ ఉంటాయి కాబట్టి పైన గోధుమరంగుకు తిరిగినా కింద ప్రాణం దాచుకుంటుంది. సెయింట్ ఆగస్టీన్ గడ్డికి పైన తీగలే తప్ప కింద కొమ్ములు లేవు. చెట్టు నీడలో బాగా పెరిగే సుగుణం దానిది, బెట్టకు ముందుగా లొంగిపోయే లోపమూ దానిదే. జోయ్‌సియా ఈ రెండిటి మధ్యన నిలుస్తుంది. ఈ గడ్డ మీదే పుట్టిన బఫెలో గడ్డి అతి తక్కువ నీటితో గడుపుతుంది గానీ పిల్లల ఆటల తొక్కిడినీ, ముద్దు చేసి పోసే నీటినీ భరించలేదు.

రంగు మారిన గడ్డి చచ్చిందో, నిద్రపోయిందో తెలుసుకోవడం కష్టం కాదు. గుప్పెడు గడ్డి పట్టుకుని లాగాలి. వేళ్ళతో సహా ఊడి చేతికొస్తే పోయినట్టు. గట్టిగా పట్టుకుని ఉండి, మొదలు దగ్గర గోటితో గీరితే తెల్లగానో లేతపచ్చగానో కనిపిస్తే బతికే ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండానే జులైలో కొత్త పచ్చిక పరిపించుకుని, ఆ లేత వేళ్ళను బతికించడానికి నెలరోజులు రోజూ నీళ్ళు పోసేవారు ప్రతి వేసవిలోనూ కనిపిస్తారు. నీటి కొరత ఉన్న కాలంలో చేయగల పనుల్లో ఇంతకన్నా నష్టమైంది లేదు.

ఇక నీరు. వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీరు పెట్టాలంటే 623 గ్యాలన్లు కావాలి. మూడు వేల చదరపు అడుగుల లాన్‌కు ఒక్క తడి అంటే సుమారు 7,000 లీటర్లు. హైదరాబాద్‌లో ఎండాకాలం బుక్ చేసుకునే 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటీ, ఇంకో దానిలో పావు వంతుకు మించీ అన్నమాట. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా ప్రకారం ఇళ్ళ బయట వాడే నీటిలో సగం దాకా గాలికీ, ఆవిరికీ, వృథా పారుదలకూ పోతుంది. రేగడి నేలలో ఆ పారుదలను రోడ్డు మీద నిలబడి కళ్ళారా చూడవచ్చు. మామూలు స్ప్రే తల గంటకు అంగుళమున్నర వేగంతో నీరు చిమ్ముతుంది. నేల తాగేది అందులో ఆరోవంతు కూడా ఉండదు. ఆరేడు నిమిషాలు గడిచేసరికి కాలిబాట తడుస్తుంది, ఆ తర్వాతి నీరంతా వీధి తూములోకే.

దీనికి మందు తెలిసిందే: ఒకే బిగిన ఇరవై నిమిషాలు కాకుండా ఐదేసి నిమిషాలు నాలుగుసార్లు, మధ్యలో గంటకు దగ్గరగా విరామం. ఒక విడత ఇంకాక మరో విడత. చాలా కంట్రోలర్లలో సైకిల్ అండ్ సోక్ పేరుతో ఈ సదుపాయం ఉంది, దాన్ని వాడేవారు తక్కువ. స్ప్రే తలల బదులు సన్నటి ధారలుగా నెమ్మదిగా తిరిగే నాజిల్ బిగిస్తే వేగం మూడో వంతుకు పడిపోతుంది. ఎన్ని నిమిషాలకు ఎంత నీరు పడుతోందో తెలియాలంటే ఖాళీ ట్యూనా డబ్బాలు నాలుగైదు లాన్‌లో అక్కడక్కడా పెట్టి, స్ప్రింక్లర్ నడిపి, స్కేలుతో కొలుచుకోవాలి. ఒక డబ్బా నిండి, ఇంకొకటి అడుగు మాత్రమే తడిస్తే తలలు వంకరగా ఉన్నట్టు. అప్పుడు సమయం పెంచినందువల్ల ఎండిన మూల పచ్చబడదు, తడిసిన మూల కుళ్ళుతుంది.

ఎప్పుడు పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. సోమ, గురువారాలని టైమర్‌కు అప్పగించి మర్చిపోవడం రేగడిలో కుదరదు. ఆరంగుళాల స్క్రూడ్రైవర్ తీసుకుని నేలలో గుచ్చితే పిడి దాకా సులువుగా దిగిందా, పదును ఉంది, నీళ్ళు అక్కర్లేదు. రెండంగుళాల దగ్గరే ఆగిపోతే పెట్టే వేళయింది. నడిచిన అడుగుజాడ గడ్డిలో నుంచి వెంటనే పోకుండా అలాగే ఉండిపోవడం, ఆకులు ముడుచుకుని నీలిబూడిద రంగుకు తిరగడం కూడా అదే చెబుతాయి. స్వయంగా చూసుకునే తీరిక లేనివారి కోసం టెక్సాస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ వాటర్ మై యార్డ్ పేరుతో ఒక సేవ నడుపుతోంది. దగ్గరలోని వాతావరణ కేంద్రం లెక్కలను బట్టి ఆ వారం ఎంత నీరు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఫోన్‌కు సందేశం వస్తుంది. ప్లేనో, ఫ్రిస్కో, మెకినీలకు నీరందించే నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ దీనికి అండగా ఉంది. వసంత, శరత్కాలాల్లో చాలా వారాలు ఆ సందేశం చెప్పేది నీళ్ళు వద్దనే.

ఆ డిస్ట్రిక్ట్ పరిధిలో 2013లో వేసవి మొదట్లోనే వారానికి ఒక్క తడి నిబంధన వచ్చింది. ఆ చలికాలం రెండు వారాలకు ఒకటికి దించారు. దానికి నీరిచ్చే లావన్ సరస్సు 2015 వసంతపు వానలకు గానీ నిండలేదు. ఇంకా పడమరగా ఉన్న విచిటా ఫాల్స్‌లో 2014 నాటికి పరిస్థితి ఇంటి బయట తాగునీటితో తడపడాన్నే నిషేధించే స్థాయికి వెళ్ళింది. ఆ ఊరు శుద్ధి చేసిన మురుగునీటిని తిరిగి తాగునీటి వ్యవస్థలోకి మళ్ళించింది. ఇలాంటి ఆంక్షల కింద ఉన్న కొద్ది నీరు దేనికి పెట్టాలన్న ప్రశ్న వస్తే జవాబు స్పష్టం: ముందు పునాది, తర్వాత చెట్టు, ఆఖరున గడ్డి.

పునాది సంగతి కొత్తవారికి వింతగా ఉంటుంది. రేగడి కుంచించుకున్నప్పుడు కాంక్రీటు పలక అంచు నుంచి మట్టి విడిపోతుంది. ఒక మూల దిగి గోడలు బీటలిస్తాయి, తలుపులు పట్టేస్తాయి. అందుకే పునాదికి అడుగు, అడుగున్నర దూరంలో నీరు నెమ్మదిగా ఊరే సోకర్ పైపు వేసి చుట్టూ సమానంగా తేమ ఉంచుతారు. నెర్రెలోకి నేరుగా పైపు పెట్టి నింపడం తప్పు. నీరు పలక కిందికి చేరి అక్కడ ఉబ్బు మొదలవుతుంది. చెట్ల విషయానికొస్తే, 2011 కరువు టెక్సాస్ ఊళ్ళలో 56 లక్షల నీడచెట్లను చంపిందని ఆ రాష్ట్ర అటవీ సేవ అంచనా వేసింది. గడ్డిని ఒక సీజన్‌లో తిరిగి పెంచవచ్చు. పాతికేళ్ళ ఓక్ చెట్టును పెంచాలంటే పాతికేళ్ళు పడుతుంది. లాన్ స్ప్రింక్లర్ చెట్టుకు చాలదు. కొమ్మల అంచు కింద, వేళ్ళు పరచుకున్న చోట, పైపు నెమ్మదిగా వదిలి లోతుగా తడపాలి.

కోత ఎత్తు మీద శ్రద్ధ పెడితే ఖర్చు లేకుండా నీరు మిగులుతుంది. బెట్ట కాలంలో సెయింట్ ఆగస్టీన్‌ను మూడు, నాలుగు అంగుళాల ఎత్తున ఉంచాలి. బెర్ముడాను మామూలుకన్నా అర అంగుళం పైకి లేపాలి. ఒక కోతలో ఆకులో మూడో వంతుకు మించి తీయకూడదు. కోసిన తుంపులను సంచిలో కట్టి చెత్తబండికి ఇవ్వకుండా అక్కడే వదిలేస్తే నేలకు తిరిగి చేరతాయి.

ఇప్పుడు వాన వైపు. కుంభవృష్టి తర్వాత మొదట చేయాల్సింది చేయకుండా ఆగడం. తడిసిన రేగడి మీద మనిషి నడిచినా, కోత యంత్రం తిరిగినా మట్టి అణిగి ఇటుకలా బిగుస్తుంది. ఆ బిగువు వచ్చే కరువులో వేరును అడ్డుకుంటుంది. ఎండబెట్టిన గడ్డి వానకు ఒక్కసారిగా పచ్చబడితే సంతోషంతో ఎరువు చల్లేవారు చాలామంది. నత్రజని అందిన లేత ఆకు తెగులుకు తేలిగ్గా చిక్కుతుంది, తర్వాతి వానకు మిగిలిన ఎరువు కాలువల్లోకి పోతుంది. ఫ్లోరిడాలో పినెల్లస్ కౌంటీ జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా లాన్లకు నత్రజని, భాస్వరం ఎరువులు వేయడాన్నే నిషేధించింది. వానాకాలపు ఎరువు సముద్రపు నీటిలో నాచుకు ఆహారమవుతోందని అక్కడ గుర్తించారు. టెక్సాస్‌లో అలాంటి రాష్ట్రవ్యాప్త నిషేధం లేకపోయినా, గడ్డి తేరుకుని రెండు మూడు కోతలకు వచ్చేదాకా ఎరువు జోలికి పోకపోవడమే మేలు.

నీరు నిలిచే చోటు ఎక్కడో తెలుసుకోవడానికి వాన పడుతున్నప్పుడే గొడుగు పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగాలి. రెండు ఇళ్ళ మధ్య సన్నగా వెళ్ళే పల్లపు జాడ ఉంటుంది. నిర్మాణ సమయంలో కావాలని తీసిన నీటిదారి అది. పక్కింటివారు పూలమడి కోసమో, షెడ్ కోసమో దాన్ని పూడిస్తే రెండిళ్ళ పెరళ్ళూ మునుగుతాయి. చూరు గొట్టం పునాది పక్కనే నీటిని కుమ్మరిస్తుంటే దాన్ని ఐదారు అడుగుల అవతలికి పొడిగించడం పది నిమిషాల పని. ఇంత చేశాకా నీరు నిలిస్తేనే గులకరాళ్ళ మధ్య చిల్లుల గొట్టం వేసే ఫ్రెంచ్ డ్రెయిన్ గురించి ఆలోచించాలి. దానికి నీరు వెళ్ళే ఏటవాలూ, చివర బయటపడే చోటూ ఉండాలి. అవి లేకుండా రేగడిలో తవ్విన కందకం నీళ్ళ తొట్టిగా మిగులుతుంది. బంకమట్టిలో ఇసుక కలపడం మరో ప్రచారంలో ఉన్న చిట్కా, దాని వల్ల మట్టి ఇంకా బిగుస్తుంది. వసంతం చివర్లో, మే నెలలో, చిన్న మట్టి ముక్కలను పైకి తీసే యంత్రంతో రంధ్రాలు చేయించి, పైన పావు అంగుళం కంపోస్టు చల్లడమే పనిచేసే పద్ధతి. ఇది ఒక్క ఏడాదిలో ఫలించదు. రెండు మూడేళ్ళు వరసగా చేస్తే నీరు ఇంకే వేగంలో తేడా కనిపిస్తుంది.

2009 నుంచి టెక్సాస్‌లో కొత్తగా బిగించే ఆటోమేటిక్ స్ప్రింక్లర్ వ్యవస్థలకు వాన పడితే ఆపే పరికరం తప్పనిసరి. అయినా వానలో స్ప్రింక్లర్లు చిమ్మడం ఏ వీధిలో చూసినా కనిపిస్తుంది. ఆ సెన్సర్‌లో తడికి ఉబ్బే చిన్న బిళ్ళలుంటాయి, కొన్నేళ్ళకు అవి అరిగిపోతాయి. నిచ్చెన వేసుకుని సెన్సర్ మీద కప్పు నీళ్ళు పోసి, స్ప్రింక్లర్ ఆగుతుందో లేదో చూడాలి. ఆగకపోతే మార్చాలి.

పురుగూ తెగులూ ఈ రెండు వాతావరణాల మలుపులోనే దాడి చేస్తాయి. వేసవి వానల తర్వాత సెయింట్ ఆగస్టీన్ ఆకుల మీద బూడిదరంగు మచ్చలు తెచ్చే శిలీంధ్రం, వరిలో అగ్గితెగులు తెచ్చేదాని దగ్గరి బంధువు. నత్రజని ఎక్కువైతే రెండూ విజృంభిస్తాయి. గుండ్రటి గోధుమరంగు వలయాలుగా గడ్డిని చంపే రైజోక్టోనియా, వరి రైతుకు పాముపొడ తెగులుగా పరిచయం. 2018లో భారతదేశంలో అడుగుపెట్టి మొక్కజొన్నను కొరికేసిన కత్తెర పురుగు అమెరికాలో పాత కాపురస్తురాలు. 2021 వేసవిలో అది దక్షిణాది, తూర్పు రాష్ట్రాల్లో లాన్లను రాత్రికి రాత్రి బోడిగా చేసింది. బెర్ముడా దాన్నుంచి సాధారణంగా తేరుకుంటుంది. కలుపు సంగతికొస్తే, ముదురు పచ్చగా నిటారుగా మొలిచే తుంగను పీకితే కింద దుంపలు మిగిలి మరిన్ని పిలకలొస్తాయి. అది గుంపుగా కనిపించిన చోట ముందు చూడాల్సింది నీరు ఎందుకు నిలుస్తోందన్నదే.

అన్నిటికన్నా మోసం చేసేది చించ్ నల్లి. సెయింట్ ఆగస్టీన్‌లో, ఎండ బాగా తగిలే కాంక్రీటు అంచుల వెంట, ఇది రసం పీల్చిన చోటు అచ్చం బెట్టకు ఎండినట్టే ఉంటుంది. యజమాని నీళ్ళు పెంచుతాడు, మచ్చ పెరుగుతుంది. రెండు వైపులా మూతలు తీసిన కాఫీ డబ్బాను పసుపూ పచ్చా కలిసే అంచున నేలలో రెండంగుళాలు దించి, నీళ్ళు నింపి పది నిమిషాలు చూడాలి. రెక్కలు తెల్లగా, ఒళ్ళు నల్లగా మిరియపు గింజకన్నా చిన్న పురుగులు తేలితే అది కరువు కాదు.

ఈ సలహాలన్నీ వెచ్చని ప్రాంతపు గడ్డివి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న చుట్టానికి వీటిని యథాతథంగా పంపితే నష్టం. అక్కడి ఫెస్క్యూ, బ్లూగ్రాస్ రకాలు ఎండాకాలం నిద్రపోయి చలికి లేస్తాయి. వాటిని బతికించడానికి రెండు, మూడు వారాలకు అర అంగుళం నీరు చాలు. ఖాళీలు పూడ్చేందుకు విత్తనం చల్లాల్సింది సెప్టెంబరులో.

చివరికి మిగిలేది అసలు ఎంత లాన్ ఉంచుకోవాలన్న ప్రశ్న. 2005లో నాసా శాస్త్రవేత్త క్రిస్టినా మిలేసి బృందం ఉపగ్రహ చిత్రాలతో వేసిన అంచనాలో అమెరికా పచ్చిక మైదానాల విస్తీర్ణం సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లు, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ అంత. దక్షిణ నెవాడా నీటి సంస్థ 1999 నుంచి లాన్ తీసేసినవారికి చదరపు అడుగుకు ఇంతని డబ్బిస్తోంది. శాన్ ఆంటోనియో కూడా లాన్ తీసి నీరు తక్కువ తాగే మొక్కలు నాటేవారికి కూపన్లు ఇస్తుంది. డాలస్‌లో నెవాడా బాట యథాతథంగా పట్టనక్కర్లేదు, ఏడాదికి 35 అంగుళాలకు పైగా వాన పడే ఊరు ఇది. మొత్తం పీకి రాళ్ళు పరిస్తే ఇల్లు వేడెక్కుతుంది, కుంభవృష్టి నీరు ఇంకా వేగంగా వీధిలో పడుతుంది. ప్లాస్టిక్ గడ్డి ఎండలో పిల్లలు కాలు పెట్టలేనంత కాలుతుంది. పిల్లలు ఆడే చోట బెర్ముడా ఉంచి, ఎవరూ తొక్కని పక్క సందులు, ఎండ కాచే అంచులు, ఏటవాలు ముక్కలను సాల్వియా, టర్క్స్ క్యాప్, మ్యూలీ గడ్డి వంటి స్థానిక మొక్కలకు ఇవ్వడం సరైన కొలతగా తోస్తుంది. వాటి లోతైన వేళ్ళు రేగడిని తొలిచి నీటికి దారి చేస్తాయి.

అడ్డం వచ్చేది తరచూ గృహయజమానుల సంఘం. గడ్డి ఎండిందని నోటీసు, మొక్కలు పెడితే ఇంకో నోటీసు. చట్టం ఈ విషయంలో యజమాని వైపే కదులుతోంది. 2013లో టెక్సాస్ శాసనసభ, నీరు ఆదా చేసే తోటలను సంఘాలు నిషేధించడానికి వీల్లేదని చట్టం చేసింది. డిజైన్ చూసి ఆమోదించే హక్కు సంఘానికి ఉంది, కారణం లేకుండా నిరాకరించే హక్కు లేదు. 2025లో, నీటి ఆంక్షలు అమల్లో ఉన్న కాలంలో గడ్డి ఎండినందుకు జరిమానా వేయకూడదని మరో చట్టం వచ్చింది. దరఖాస్తు పెట్టేవారు మొక్కల పేర్లు, పెరిగే ఎత్తు, నాటే చోట్లు గీసిన కాగితం జతచేస్తే ఆమోదం త్వరగా వస్తుంది. నాటడానికి తగిన కాలం అక్టోబరు, నవంబరు కాబట్టి ఆ కాగితం ఆగస్టులోనే పంపాలి.